ఆ ఆటలో గాలి లేదు

కంప్యూటర్ సాహస క్రీడల్లో చాటుగా నక్కి వెళ్ళి బాకుతో పొడిచే వీరుడంటే మీలో చాలామందికి ఇష్టం. 2004లో వచ్చిన ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో అతని పేరు ‘రోగ్’. ఒంటిమీద ఉన్నది తోలు కవచమే గనుక వెనుక నుంచి దెబ్బతీయాలి. శత్రువు పైస్థాయివాడైతే దూరం నుంచే పసిగడతాడు. స్థాయి పెంచుకోవాలంటే ఇవన్నీ లెక్క చూసుకోవాలి. బాగానే ఉంది. కాని ఆ ఆటలో గాలి లేదు, వాసనా లేదు!

మన అరకు కొండల్లో అలా కుదరదు. దుప్పి మిమ్మల్ని చూడకపోయినా వాసన పడుతుంది. ఎండ కాసే వేళ కొండవాలు వేడెక్కి, దాన్ని ఆనుకున్న గాలి పైకి పాకుతుంది. మీరు కింద ఉంటే మీ వాసన పైనున్న దుప్పిని చేరుతుంది. పొద్దుగూకాక వాలు చల్లబడి, బరువెక్కిన గాలి లోయలోకి జారుతుంది. అప్పుడు పైనుంచి దిగేవాడే దొరికిపోతాడు.

ఈ కొండల్లో వేటాడిన పెద్దలకు ఇది పుస్తకం చూడకుండానే తెలుసు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేడు వేట నేరం. మంచిదే. అయితే వేటతోపాటు ఆ తెలివీ పోతే నష్టం మనదేనని నా అభిప్రాయం. జంతువులను బెదరగొట్టకుండా చూడాలన్నా, లెక్కించాలన్నా అది కావాలి కదా! మీ తాతను అడగండి. ఊరి పక్క వాలు మీద మధ్యాహ్నం ఒకసారి, చీకటిపడే ముందు ఒకసారి చిటికెడు బూడిద జారవిడిచి, అది ఎటు పోయిందో రాసిపెట్టుకోండి.