బియ్యానికా కరువు, జోకులకా?

2023 జూలై 20న మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. ఇక చూస్కోండి, అమెరికాలో మనవాళ్ళు సోనా మసూరి కోసం ఇండియన్ స్టోర్ల ముందు బారులు తీరారు. కారు డిక్కీల నిండా బస్తాలే. వాళ్ళని చూసి నవ్వేవాళ్ళు కొందరు, "తిండి దగ్గర నవ్వులేంటి" అని కోప్పడేవాళ్ళు కొందరు.

నా ఓటు నవ్వేవాళ్ళకే. మూడేళ్ళ వీసా మీద ఉన్నవాడు ఐదేళ్ళకి సరిపడా బియ్యం కొంటుంటే నవ్వక ఏం చేస్తాం? పోనీ బాస్మతి దొరుకుతూనే ఉంది కదా అంటే, దాంతో గోంగూర కలుపుకుంటే మనకి అన్నం తిన్నట్టుండదు. నవ్వొచ్చే విషయమే బాబూ!

నా గొడవల్లా వేరే. ఆ నవ్వులో సరుకేదీ? అవే రెండు వీడియోలు, అవే నాలుగు జోకులు, నలభై వాట్సాప్ గ్రూపులు. 2008 ఏప్రిల్లో కూడా సామ్స్ క్లబ్ వాడు బియ్యం బస్తాలు ఒక్కసారికి నాలుగే అని రేషన్ పెట్టాడు. పదిహేనేళ్ళకి మళ్ళీ అదే సీను వస్తే కొత్త జోకు నాకొక్కటీ కనబడలేదు. అడిగితే "ఏం తట్టట్లేదండీ, టైమెక్కడిదీ" అంటారు. అందరూ బస్తాలు దాచుకుంటే కొట్లో కరువు. అందరూ ఫార్వర్డులు కొడుతుంటే జోకులకి కరువు. రెండూ మనం చేతులారా తెచ్చుకున్నవే.

అసలు తట్టకపోవడమేమిటి? సాంబా మసూరి, అదే బీపీటీ 5204, మన బాపట్లలో పుట్టింది, 1986లో విడుదలైంది. ఒంగోల్లో రైలెక్కితే చీరాల తర్వాత వచ్చే ఊరు. ఆ 2023లోనే వానల్లేక నాగార్జునసాగర్ నిండలేదు. కుడి కాలువ చివరనున్న మా ప్రకాశం రైతుకి నీళ్ళెప్పుడూ ఆఖర్నే. ఇక ఎగుమతి ఆపడమంటే ఇక్కడ ధర పెరక్కుండా కళ్ళెం వెయ్యడమే కదా. రేటు పెరగనివ్వలేదని ఇక్కడ తండ్రి గొడవ. రేటు పెరిగిపోయిందని డాలస్‌లో కొడుకు గొడవ. మధ్యలో ఉన్నది ఒకటే బస్తా! ఇంతకంటే జోకు ఎవరైనా ఇవ్వగలరా? కానీ నాకొచ్చిన ఫార్వర్డుల్లో డిక్కీ ఉంది, క్యూ ఉంది, రైతు మాత్రం లేడు.

2024 సెప్టెంబర్ 28న నిషేధం ఎత్తేశారు. గరాజ్‌లో దాచిన బస్తాలకి ఈపాటికి పురుగు పట్టుంటే, కనీసం ఆ పురుగు మీదైనా నాలుగు ముక్కలు రాయండి. సొంతంగా :)