అసలు, నకలు, నకిలీ

తెలుగువారు నిత్యం వాడుకొనే 'అసలు', 'నకలు' అన్న మాటలు రెండూ అరబ్బీ నుండి బయలుదేరి, ఫార్సీ ఉర్దూల మీదుగా మన కచేరీలలో ప్రవేశించి, అక్కడినుండి ఇండ్లలోకి వచ్చినవే. అరబ్బీలో 'అస్ల్' అంటే వేరు, మూలం. 'నఖ్ల్' అంటే ఒకచోటినుండి మరొకచోటికి చేర్చడం; కనుకనే ప్రతి రాసుకోవడానికి కూడా ఆ మాటే వచ్చింది. దాని తోబుట్టువైన 'నకిలీ'కి మాత్రం మనవారు మోసమనే అర్థం ఒక్కటే మిగిల్చారు. కళాశాలలో చేరదలచిన విద్యార్థి దరఖాస్తుకు జతపరచేది నకలు; దానిని గౌరవంతో స్వీకరిస్తాము. నకిలీ పత్రం తెచ్చినవానిని బయటికి పంపుతాము. ఇంత స్పష్టమైన భేదం మన భాషలోనే ఉండగా, పాత వీడియో ఆటల యంత్రాలకు ఇతర కంపెనీలు చేసి అమ్మే కంట్రోలర్లను అన్నిటినీ కలిపి 'డూప్లికేట్ సరుకు' అని తోసివేయడం ఎంతవరకు న్యాయమన్నది మా ప్రశ్న.

ఈ నకళ్ళకు మూలం వెదుకుతూ పోతే, తలుపు తెరిచి ఉంచినవారు అసలు తయారీదారులే అని తేలుతుంది. అమెరికాలోని అటారీ సంస్థ 1977లో వీసీయెస్ అనే ఆటయంత్రాన్ని విడుదల చేసింది. దానికి జాయ్‌స్టిక్ తగిలించడానికి ఎన్నుకొన్న తొమ్మిది పిన్నుల సాకెట్ అటారీ సొంత సృష్టి కాదు. కానన్ కంపెనీ 1952లో ప్రవేశపెట్టిన వంశానికి చెందినది, విడిభాగాల దుకాణంలో ఎవరికైనా దొరికేది. లోపలి ఏర్పాటు ఇంకా సరళం. నాలుగు దిక్కులకు నాలుగు స్విచ్చులు, కాల్పులకు ఒకటి. ఏది నొక్కితే ఆ తీగ గ్రౌండ్ తీగతో కలుస్తుంది, అంతే. ఆడుతూ ఆడుతూ ఉండగా లోపలి ప్లాస్టిక్ భాగం విరిగేది. విరిగినపుడు మరొకటి కావాలి కదా! నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాలకు విడిభాగాలు సరఫరా చేస్తూ వచ్చిన ఇల్లినాయ్ రాష్ట్రపు వైకో కంపెనీ 1982 ప్రాంతంలో ఇంటి యంత్రాలకు కూడా దృఢమైన జాయ్‌స్టిక్‌లు అమ్మసాగింది. అసలుకంటె నకలు గట్టిదైన సందర్భమిది. కొమొడోర్ వంటి పోటీదారులు సైతం తమ కంప్యూటర్లకు అదే సాకెట్ పెట్టుకొన్నారు.

జపానులో నింటెండో 1983లో ఫ్యామిలీ కంప్యూటర్‌ను, 1985లో అమెరికాకు దాని మారురూపాన్ని తెచ్చింది. అమెరికా యంత్రానికి ప్లగ్గు ఆకారం సొంతమే గాని, కంట్రోలర్ గుండెకాయ మాత్రం 4021 అనే సామాన్యమైన షిఫ్ట్ రిజిస్టర్. దాని పని మన తరగతిలో హాజరు తీసుకోవడం వంటిదే. యంత్రం మొదట 'అందరూ నిలబడండి' అన్నట్లు ఒక సంకేతం పంపుతుంది. ఆపైన ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, పైకి, క్రిందికి, ఎడమకు, కుడికి అని ఎనిమిది బటన్లను అదే వరుసలో పిలుస్తుంది. నొక్కబడినదీ లేనిదీ ఒకే తీగ మీద ఒకదాని వెంట ఒకటిగా జవాబు వస్తుంది. విచిత్రమేమంటే, అమెరికాలో ఆటల క్యాట్రిడ్జ్‌లకు తాళం వేసే చిప్పును అమర్చి, దానిని ఛేదించిన అటారీ గేమ్స్ సంస్థపై 1992లో అప్పీలు న్యాయస్థానం దాకా పోరాడి నెగ్గిన నింటెండో, కంట్రోలర్‌కు ఏ తాళమూ వేయలేదు. సొత్తు ఆటలలో ఉన్నదని భావించిందేమో! గున్‌పే యొకోయ్ 1982లో డాంకీ కాంగ్ చేతి ఆటకోసం రూపొందించిన కూడిక గుర్తు వంటి మీటకు మాత్రం అమెరికాలో 1987లో పేటెంటు లభించింది. అందుకే ఇతరులు గుండ్రని మీటలు, నాలుగు ముక్కల మీటలు అంటూ దారులు వెదుక్కొన్నారు. ఆ పేటెంటు 2005లో ముగిసింది. ఆ తరువాత కూడిక గుర్తు అందరిదీ అయింది.

మన దేశానికి ఈ కథ తైవాన్ మీదుగా వచ్చింది. అక్కడి యూయెంసీ సంస్థ నింటెండో చిప్పులకు సరిసమానమైనవి చేసింది. వాటివంటి చిప్పులతో తయారైన 'లిటిల్ మాస్టర్' వంటి యంత్రాలు 1990లలో మన పట్టణాలలో అమ్ముడుపోయాయి. ఈ జాతి యంత్రాలలో అనేకం కంట్రోలర్లకు అటారీ నాటి తొమ్మిది పిన్నుల ప్లగ్గు, దాని వెనుక నింటెండో హాజరు పట్టీ! ఒకరి చొక్కా, మరొకరి గొంతు. అనుమతి లేని వ్యాపారాన్ని సమర్థించడం మా ఉద్దేశం కాదు. అయితే మా తరంవారిలో ఎందరికో అసలు యంత్రం కంటబడలేదన్నదీ, వారు 'రిమోట్' అని పిలుచుకొన్న ఆ నకలే వారికి అసలైనదన్నదీ కాదనలేని సత్యం.

నింటెండో 2003లో ఫ్యామిలీ కంప్యూటర్ తయారీని నిలిపివేసింది. రబ్బరు క్రింది కార్బన్ పూత అరుగుతుంది, తీగ తెగుతుంది. 1996లో వచ్చిన నింటెండో 64 కంట్రోలర్‌లోనైతే ప్లాస్టిక్‌తో ప్లాస్టిక్ ఒరసుకొని కర్ర కుదుళ్ళలో తెల్లని పొడి రాలుతుంది. కొత్త అసలు ఇక రాదు. ఆ ఖాళీని షెన్‌జెన్‌లో 2013లో పుట్టిన ఎయిట్‌బిట్‌డూ వంటి సంస్థలు తమ పేరుతోనే, తీగలేని కంట్రోలర్లతో పూరించాయి. అసలు కంపెనీయే 2016లో తన పాత యంత్రానికి చిన్న ప్రతిరూపం తెచ్చినపుడు, కంట్రోలర్ తీగ పాతదానిలో సగమైనా లేకపోయింది. పొడిగింపు తీగలు అమ్మి ఆడేవారిని ఆదుకొన్నది మళ్ళీ ఇతరులే.

కనుక పేరు చెప్పుకొన్న నకలుకు మా ఓటు. పాత కంపెనీ ముద్రను దొంగిలించి 'కొత్త అసలు'గా అంటగట్టేది నకిలీ. దానిపై మాకు ఏ దయా లేదు. పేరు, పిన్నుల వరుస, విప్పదగిన మరలు ఈ మూడూ ఉన్నదానిని కొనండని విద్యార్థులకు చెబుతాము. మరలు లేక అతికించినదైతే రేపు బాగుచేయలేరు.

తెలుగు చెప్పుకొనే మాకు ఈ గొడవ ఎందుకని కమిటీ పెద్దలు అడుగవచ్చు. మాటల నకళ్ళతో బ్రతికేవారిమి గనుక అని మా జవాబు. వచ్చే ఏడు భౌతికశాస్త్ర ప్రయోగశాలకు సామాను కొనే జాబితాలో ఇటువంటి చవక కంట్రోలర్లు నాలుగు, 4021 చిప్పులు ఒక డజను చేర్చవలసిందిగా కోరుతున్నాము. మరలు విప్పే పని మా విద్యార్థులు చూసుకొంటారు.