కంఠస్థమైన సత్యము

ప్రజలను రక్షింపవలసిన రాజ్యమే ప్రజలను భయపెట్టునపుడు సామాన్యమానవుఁడు ఎట్లు జీవింపవలెను? ఎదిరించి మరణించుటయో, తలవంచి మౌనము వహించుటయో తప్ప మార్గాంతరము లేదని పలువురు తలంతురు. మూడవ మార్గమొకటి కలదని నా యభిప్రాయము. దానికి సోవియట్ రష్యా చరిత్రయే నిదర్శనము.

1937, 1938 సంవత్సరములలో, ఆ ప్రభుత్వపు దస్తావేజులను బట్టియే, అచట 6,80,000 మందికి పైగా మరణదండన పొందిరి. పొరుగువాని మాటయే నేరారోపణము కాఁగలదు గనుక జనులు తమ యిండ్లలో సైతము గుసగుసలాడుచుండిరి. 1938లో అన్నా అఖ్మతోవా యను కవయిత్రి కుమారుఁడు చెఱఁబెట్టఁబడెను. లెనిన్‌గ్రాడు నగరమున చెఱసాల ముంగిట, తమవారి జాడ కొఱకు బారులు తీఱిన స్త్రీలలో నామెయు నొకతెయై 17 నెలలు తిరిగెను. ఆ దుఃఖమునే "రెక్వియెమ్" అను కావ్యముగా రచించెను. కాని యా కాగితము దొరకినచో ప్రాణాపాయము.

కావున విశ్వాసపాత్రులగు మిత్రులు వచ్చినపుడు, పైకి తేనీటిని గూర్చియు వాతావరణమును గూర్చియు మాటలాడుచు, పద్యమును చీటిపై వ్రాసి చూపుచుండెను. వారు దానిని వల్లించుకొనఁగానే చీటిని కాల్చివేయుచుండెను. అట్లు కంఠస్థము చేసినవారిలో లిడియా చుకోవ్‌స్కయా యొకతె. ఆమె భర్తయగు భౌతికశాస్త్రవేత్త మత్వేయ్ బ్రోన్‌స్టెయిన్ 1938లో కాల్చి చంపఁబడెను. ఇరువది యేండ్లకు పైగా మనుష్యుల హృదయములే యా కావ్యమునకు గ్రంథాలయములైనవి. తుదకది 1963లో మ్యూనిక్ నగరమునను, 1987లో స్వదేశమునను అచ్చుపడెను.

ఇట్లు వల్లించుటవలన నొక్క ఖైదీయైనను విడుదల కాలేదు గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని యట్టి రాజ్యము దేహములను బంధించుటతో తృప్తినొందదు. జరిగినది జరుగలేదని మనచేతనే యనిపింపఁజూచును. ఒక్క మిత్రుని యెదుటనైనను సత్యమును సత్యమని పలుకఁగలిగినవాఁడు ఆ యోటమిని తప్పించుకొనును. మౌనము వహించినవారిని నిందించుటకు సుఖముగా నున్న మనకధికారము లేదు. అందఱును వీరులు కానేరరు. కాని నమ్మఁదగిన మిత్రులు కాఁగలరు.

సహాధ్యాయులారా! పద్యములను వల్లెవేయుట వ్యర్థశ్రమ యని మనలో కొందఱు విసుగుకొందురు. కంఠస్థమైన దానిని ఏ భటుఁడును సోదాచేసి పట్టుకొనఁజాలఁడని మఱవకుఁడు. మంచి మాటలను మనస్సున నిలుపుకొనుఁడు; మిత్రుఁడు నమ్మి చెప్పిన దానిని దాఁచ నేర్చుకొనుఁడు. ఈ రెండును శాంతికాలముననే యభ్యసింపవలసిన విద్యలు.