క్రాంక్ బోల్టుకి స్టార్టర్ కొట్టే తెలివి ఇక చాలించండి

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ పోస్టు కాస్త ఘాటుగానే ఉంటది. తిట్టుకున్నా పర్లేదు, చివరిదాకా చదవండి.

మా నాన్న అంబాసిడర్ మీకు తెలుసు. 1984 బండి, మార్క్ 4, పెట్రోలు. ముందు సీలు పోయి ఆయిల్ కారుతోంది. సీలు మార్చాలంటే టైమింగ్ కవర్ విప్పాలి, దానికి ముందు క్రాంక్ పుల్లీ రావాలి, పుల్లీ రావాలంటే నడుమ ఉన్న పెద్ద బోల్టు ఊడాలి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని బోల్టు. మెకానిక్ రాగానే ఉలి, సుత్తి తీశాడు. కదల్లేదు. పానాకి పైపు తొడిగి ఛాసిస్‌కి ఆనించి, "బాబాయ్, కీ తిప్పు" అన్నాడు. తిప్పాను. నాదీ తప్పే. పైపు జారి రేడియేటర్‌లోకి దిగబడింది. జానెడు ఇవతల ఆ కుర్రాడి మోచెయ్యి ఉంది.

"ఎప్పట్నుంచో ఇలాగే తీస్తన్నాం, ఏమైంది?" అంటారు. నిజమే, ఊడుద్ది. ముందు నుంచి చూస్తే ఇంజను గడియారం ముల్లులా తిరుగుద్ది, బోల్టుది మామూలు మర. బోల్టుని ఆపి ఇంజన్ని తిప్పితే వదులైపోవాలి. లెక్క కరెక్టే. కానీ లాక్ వాషర్ మడత విప్పకుండా, కాయిల్ వైరు పీకకుండా కీ తిప్పమంటే అది లెక్కా? డీజిల్ బండికి, ట్రాక్టర్‌కి పీకడానికి కాయిల్ వైరే ఉండదు. డీజిల్ ఆపడం మర్చిపోతే ఇంజను అందుకుంటది. అప్పుడు ఆ పైపు ఎటు ఎగురుద్దో ఎవడు చెప్తాడు?

ఉలి సంగతి ఇంకా దారుణం. అంబాసిడర్‌లో ఆ బోల్టు తలే హ్యాండిల్ పట్టుకునే దవడ. పలకలు, దవడ చెక్కేస్తే, బ్యాటరీ దిగిన రోజు హ్యాండిల్ వేసి తిప్పుకోడానికి ఏం మిగిలింది? ఎదురుగా సుత్తితో బాదితే ఆ దెబ్బ లోపల క్రాంక్ థ్రస్ట్ వాషర్ల మీదే పడుద్ది. ఇక గ్యాస్ పెట్టి కాల్చేవాళ్లు కూడా ఉన్నారు. ఆయిల్ ఓడుతున్న పెట్రోలు బండికి! వాళ్లకో దణ్ణం.

తర్వాత మా మేనల్లుడూ నేనూ చేసింది ఇది. రేడియేటర్, ఫ్యాన్ తీసి పక్కన పెట్టాం. లాక్ వాషర్ చెవి నిదానంగా విప్పాం. మర సందులో తుప్పు వదిలే ఆయిల్ పోసి రాత్రంతా వదిలేశాం, పొద్దున్నే మళ్లీ పోశాం. బ్యాటరీ వైరు పీకి, స్టార్టర్ మోటారు విప్పి, ఆ కంతలోంచి ఫ్లైవీల్ పళ్లకి ఇనప చీల అడ్డం పెట్టాం. ఆరు పలకల బాక్సు పానా నిండుగా కూర్చోబెట్టి, నాలుగడుగుల పైపు తొడిగి, కుదుపు లేకుండా ఒకే బలంతో లాగాం. పన్నెండు పలకల బాక్సు వద్దు, అరిగిన తల మీద జారుద్ది. రెండోసారికి టక్కుమంది. భయపడ్డాను, ఏదో విరిగిందనుకుని. బోల్టే.

అసలు మెకానిక్‌ని అని ఏం లాభం? "సాయంత్రం పెళ్లికెళ్లాలి, బండి తెమల్చు" అని తరిమేది మనమే. సుత్తి దెబ్బలకి డబ్బులిస్తాం, నానబెట్టి రేపొస్తానంటే కూలి ఎందుకంటాం. వరి విత్తనాలు నానబెట్టడానికి లేని తొందర ఇనుము దగ్గరెందుకు?

సీలు పడింది, కొత్త లాక్ వాషర్ వేశాం, రేడియేటర్ టంకానికి వెళ్లింది. ఉలి తిన్న బోల్టే మళ్లీ బిగించాల్సొచ్చింది, హ్యాండిల్ పట్టట్లేదు. పాత ఇనుములో ఎవరికైనా అంబాసిడర్ హ్యాండిల్ బోల్టు దొరికితే నాకు చెప్పండి, వచ్చి తీసుకెళ్తా.