వంటింట్లో తోపుడుబండి

పోయిన నెల ఈ శీర్షికలో బియ్యానికి పురుగు పట్టకుండా ఏం చేయాలో వ్రాసినప్పుడు, వంటింటి సంగతులు ఇక చాలిద్దామనుకొన్నాను. కాని వంటిల్లు మనలను వదలదు గదా! ఈ నెల మా ఇంట్లోకి వచ్చిన ఒక చక్రాల బల్లను గురించి చెప్పవలసి వచ్చింది. దానితోబాటు వచ్చిన చిక్కును గురించి కూడా.

మా వంటిల్లు ఎనిమిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఒక గోడ పొడుగునా గట్టు ఉన్నది. దీనిని ఇక్కడివాళ్లు ఓటా అంటారు, మేమూ అదే అంటాము. గిన్నెలు కడిగే మూల మోరీ, పళ్ళాలు పెట్టుకొనే ఇనుప అర మాండణీ. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, తరువాత బొంబాయి రాష్ట్రంలో, 1960 నుంచి మహారాష్ట్రంలో ఉన్న నాందేడులో మనవాళ్ల వంటింటి భాష ఇట్లాగే ఉంటుంది. పప్పు తెలుగుది, దాన్ని దించే చోటు మరాఠీది. ఆ ఓటా మీద ఒక చివర గ్యాసు పొయ్యి, మరొక చివర సింకు, నడుమ మిక్సీ. ఇక మిగిలేది ఒక పళ్ళెం పట్టేంత జాగా. అందుచేత కూరలు తరగడం ఎప్పుడూ నేల మీదనే, కత్తిపీట ముందు.

పోయిన దీపావళికి మా ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. ఇకమీదట గొంతుకూర్చోవద్దని డాక్టరుగారు ఖండితంగా చెప్పారు. ఓటా మీద జాగా లేదు, నేల మీద కూర్చోకూడదు. మరి వంకాయ ఎక్కడ తరగాలి?

మా ఆఫీసు రికార్డు గదిలో ఫైళ్లు మోసే చక్రాల బండి ఒకటి ఉన్నది. దాన్ని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను గాని, అది వంటింటికి పనికివస్తుందని అప్పుడే తట్టింది. వెంటనే వజీరాబాదు బజారుకు వెళ్లి, ఒక దుకాణంలో కిచెన్ ట్రాలీ కావాలని అడిగాను. అతను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మా ఓటా కొలతలు అడిగి, వేలకు వేల లెక్క వేసి చేతిలో పెట్టాడు. తీరా చూస్తే మన ప్రాంతంలో ట్రాలీ అంటే ఓటా క్రింద బిగించే స్టీలు సొరుగులట! నాకు కావలసినది నేల మీద నడిచే బల్ల అని మరాఠీలోను హిందీలోను చేతులతోను చెప్పి బయటపడ్డాను. చివరికి ఒక వెల్డింగు షాపులో అంగుళం చదరపు గొట్టంతో చేయించాను. పైపలక రెండడుగులు, ఒకటిన్నర అడుగు. క్రింద రెండు అరలు. ఖర్చు నాలుగు వేలకు కొంచెం లోపు.

పైపలకకు నల్ల గ్రానైటు వేయిద్దామని నాకు మోజు కలిగింది. లెక్క చూస్తే ఆ కొలతకు పద్దెనిమిది మిల్లీమీటర్ల పలక ఒక్కటే పదమూడు కిలోలకు పైగా తూగుతుంది. బరువంతా నెత్తిన ఉంటే బండి తలక్రిందులు కావడం ఖాయం. అందుకని పలుచని స్టీలు రేకు వేయించాను.

ఎత్తు సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. షాపతను అలవాటు చొప్పున నన్ను నిలబెట్టి కొలవబోయాడు. తరిగేది నేను కాదు గదా! ఇంటికి వచ్చి, మా ఆవిడను గోడకు నిలబెట్టి, నేల నుంచి మోచేతి దాకా కొలిచాను. ముప్పయ్యేడు అంగుళాలు వచ్చింది. తరిగే బల్ల మోచేతికి నాలుగంగుళాలు క్రిందుగా ఉంటే భుజాలు పైకి లేవవు, నడుము వంగదు. కాబట్టి ముప్పయిమూడు.

కొలత కుదిరింది గాని చక్రాలు కుదరలేదు. మా ఇంట్లో షాబాదు బండలు పరిచి ఉన్నాయి. రెండంగుళాల ప్లాస్టిక్ చక్రాలు ప్రతి సందులోను దిగబడి మొండికెత్తేవి. పైగా వంటింటి నేల మోరీ వైపు వాలుగా ఉంటుందన్న సంగతి కట్టినవాడికి తెలుసు, నీళ్లకు తెలుసు, నాకు మాత్రం తెలియలేదు. మూడవ రోజున మేము ముందుగదిలో ఉండగా, బండి తనంతట తానే బయలుదేరి మోరీ గట్టుకు కొట్టుకొన్నది. పై అంచున ఉన్న ఆవకాయ జాడీ నేల మీద పడి నాలుగు ముక్కలయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

మళ్లీ షాపుకు. ఈసారి నాలుగంగుళాల రబ్బరు చక్రాలు, రెండింటికి కాలితో నొక్కే బ్రేకులు. చక్రాలు పెద్దవి కావడంతో బల్ల రెండున్నర అంగుళాలు పైకి లేచింది. ఆ మేరకు కాళ్లు కోయించాను. మొదటే చక్రాలు కొని, తరువాత కాళ్లు కొలిపిస్తే ఈ కోత తప్పేది.

ఈ చక్రాల బల్ల ఊహ నాదేనని కొన్నాళ్లు గర్వపడ్డాను. తరువాత చదివితే తెలిసింది, అమెరికాలో లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఇంజినీరమ్మ 1929లోనే బ్రూక్లిన్ గ్యాసు కంపెనీ ఒకదాని కోసం ఏర్పరచిన నమూనా వంటింట్లో ఇటువంటి బండిని పెట్టిందని. ఆవిడ పన్నెండుమంది పిల్లల తల్లి, 1924లో భర్త పోయినాక సంసారం ఈదిన మనిషి. ఫ్యాక్టరీ కార్మికుల కదలికలు కొలిచినట్లే వంటింట్లో అడుగులు లెక్కపెట్టించింది. ఒక స్ట్రాబెరీ కేకు చేయడానికి పాత పద్ధతిలో 281 అడుగులు పడితే, సామాను చేతికందేటట్లు సర్దిన వంటింట్లో 45 సరిపోయాయి. గట్టు ఎత్తు ఆ ఇంటి ఇల్లాలి ఎత్తుకు సరిపోవాలన్నది కూడా ఆవిడ చెప్పిన మాటే. ఇంతా చేసి ఆవిడకు స్వయంగా వంట అంటే అంత ఇష్టం లేదట! ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించి, పచ్చిపులుసుకు ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెడతానన్నాను. ‘‘లెక్క తరువాత చూద్దురు గాని, ముందు ఆ పోపుల డబ్బా అందుకోండి’’ అన్నది.

ఇంతవరకు బాగానే ఉన్నది. అసలు చిక్కు వేరే వచ్చింది.

మా అమ్మకు డెబ్బయ్యెనిమిదేళ్లు. ఇన్నాళ్లూ ప్రొద్దున్నే వంటింటి గడపకు లోపలగా పీట వేసుకొని, కత్తిపీట ముందు కూర్చొని కూరలు తరిగేది. ధర్మాబాదులో ఎవరి కోడలు నీళ్లాడింది, దెగ్లూరులో ఎవరి పెళ్లి కుదిరింది, అంతా బెండకాయలతోబాటే ముక్కలయ్యేది. ఆమెకు మోకాళ్ల నొప్పులు లేవు, దేవుని దయ. బండి వచ్చిన నాడు ‘‘ఏందిరా, వంటింట్లకు తోపుడుబండి తెచ్చినవు? అరటిపండ్లు అమ్ముతవా?’’ అని నవ్వింది. తరువాత మా ఆవిడ నిలబడి తరగడం మొదలుపెట్టింది. బండి తిరగడానికి అడ్డమని కత్తిపీటను నేనే అటక మీద పెట్టాను. అమ్మ ముందుగదిలో కుర్చీలో కూర్చోసాగింది. కబుర్లు ఆగిపోయాయి. నేను ఇది గమనించలేదు. వంటిల్లు విశాలమయిందని సంతోషిస్తున్నాను.

గమనించినది మా ఆవిడే. ‘‘అత్తమ్మ నిన్న గోంగూర కట్ట ఒళ్లో పెట్టుకొని గంటసేపు తుంచింది. ఉన్నది ఒక్క కట్టే’’ అన్నది.

కత్తిపీట దించుతానంటే అమ్మ వద్దన్నది. ‘‘మళ్ల నీ బండి ఎట్ల తిరుగుతది?’’ బండిని ముందుగదిలోకి తెద్దామంటే గడప అడ్డం. పసుపూ కుంకుమా పెట్టే గడపను చెక్కించడం మాట వాళ్లిద్దరి ముందూ ఎత్తలేము. పైగా నిలబడే మనిషికి ముప్పయిమూడు అంగుళాలు సరి. కుర్చీలో కూర్చొన్న మనిషికి అది గడ్డం దాకా వస్తుంది.

మూడవసారి షాపుకు వెళ్లాను. అతను నన్ను చూచి నవ్వాడు. నేల నుంచి ఇరవయ్యారు అంగుళాల ఎత్తున, సొరుగులాగా బయటికి లాగే చెక్కపలక ఒకటి బిగించమన్నాను. ఇప్పుడు ప్రొద్దున్నే బండిని గడప దాకా తోసి, రెండు బ్రేకులూ నొక్కి, పలకను గడప మీదుగా ముందుగదిలోకి లాగుతాము. అమ్మ కుర్చీ అవతల, మా ఆవిడ ఇవతల. పలక మీద చేతులు ఆనిస్తే బండి ముందుకు ఒరిగే ప్రమాదం ఉన్నది గనుక అడుగు అరలో బియ్యం డబ్బా, రుబ్బే గ్రైండరు పెట్టాము. గ్యాసు పొయ్యిని మాత్రం ఎంత జాగా కలిసివచ్చినా బండి మీద పెట్టకండి. కదిలేదాని మీద నిప్పు కూడదు.

ఇక కత్తిపీటకు కాలి ఆను కావాలి, అది పలక మీద నిలువదు. అందుచేత మా అమ్మ ఈ వయస్సులో చాకు పట్టడం నేర్చుకొంటున్నది. ముక్కలు కొంచెం లావుగా వస్తున్నాయి. మా ఆవిడ పొయ్యి మీద మరి కాసేపు ఉంచుతున్నది. దెగ్లూరు పెళ్లి మార్గశిరానికి వాయిదా పడిందని నిన్ననే తెలిసింది.