పట్టణమున రెండు దినములు

భార్యాభర్తలిరువురు మాత్రమే, పిల్లలను పెద్దలయొద్ద విడిచి, రెండు దినములు పట్టణమునకు పోయివచ్చుట దుబారాయని కొందఱును, సిగ్గుమాలిన పనియని కొందఱును తలంచుచున్నారు. తీర్థయాత్రయనిన ఎవరును మాఱుపలుకరు. పెండ్లికనిన అసలే పలుకరు. ఊరక చూచి, తిని, వచ్చెదమనినచో మాత్రము లెక్క చెప్పవలసివచ్చును. కాళిదాసు మేఘసందేశమున, త్రోవ వంకరయైనను ఉజ్జయినిని చూచియే పొమ్మని మేఘునకు యక్షునిచేత చెప్పించెను. దూతకార్యముమీద నున్నవానికే యంత వెసులుబాటు గలిగినపుడు పదునైదేండ్లుగా వంటయింట నున్న యిల్లాలికి ఉండరాదా?

ఈ మాటకు మా అత్తగారు నవ్వి పిల్లలను తాము చూచుకొందుమనిరి. క్రిందటి మాసమున నొక శనివారము తెల్లవాఱుజామున మేమును మావారును నెల్లూరిలో రైలెక్కి సుమారు మూడుగంటలలో చెన్నపట్టణము చేరితిమి. సెంట్రల్ స్టేషనునుండి మెట్రోరైలులో నొక్క స్టేషను దూరముననే ఎగ్మూరు. అచ్చటి రైలుస్టేషనున కెదుటి వీథులలో వసతిగృహములు పెక్కు గలవు. ఇరువురును ఆధార్ కార్డులు వెంట నుంచుకొనవలెను.

మావారు ముందుగానే యొక కాగితముపై పదునొకండు స్థలములు వ్రాసియుంచిరి. బడిపంతుళ్లకు పాఠ్యప్రణాళిక లేనిదే నిదుర పట్టదు. మేమందు ఎనిమిదింటిని కొట్టివేసితిమి. త్యాగరాయనగరు చీరల యంగళ్లనుగూడ కొట్టివేసితిమనిన సోదరీమణులు నమ్మరేమో. ఆ వీథులలో నడుగిడినచో దినమంతయు నచ్చటనే గడచిపోవును.

మొదట ఎగ్మూరు మ్యూజియమునకు పోయితిమి. ఇది 1851లో నెలకొల్పబడినది. శుక్రవారము సెలవు. తెలుగువారికి ఇచ్చట ముఖ్యముగా చూడదగినవి అమరావతి శిలలు. కృష్ణాతీరమున శిథిలమైయున్న స్తూపమును వాల్టర్ ఇలియట్ దొర 1845లో త్రవ్వించి ఫలకములను చెన్నపట్టణమునకు చేర్పించెను. వానిలో పెక్కు పిమ్మట సముద్రము దాటి లండను నగరమునకు పోయినవి. మన యూరి రాళ్లను చూచుటకు మనమే టిక్కెట్టు కొని పరాయియూర నిలువవలసివచ్చినదని మావారు నిట్టూర్చిరి. అచ్చటనైన చెడక నిలిచినవిగదా యని మా తలంపు.

గుండ్రని ఫలకమొకటి మమ్ము అరగంటసేపు కదలనీయలేదు. మదించిన నాలగిరియను ఏనుగు వీథిలో విరుచుకొనిపడుట ఒకవైపునను, అదే యేనుగు బుద్ధదేవుని యెదుట మోకరిల్లుట వేఱొకవైపునను చెక్కబడినది. భయపడిన స్త్రీ యొకతె ప్రక్కనున్న పురుషుని పట్టుకొని వెనుక కొరగినది. పైన మేడకిటికీలనుండి జనులు తొంగిచూచుచున్నారు. రఘువంశమున వరుని చూచుటకై కిటికీలకు పరువెత్తు పురస్త్రీలను పుస్తకమున చదివితిమి. రాతిలో చూచుట అదియే మొదలు.

సాయంకాలము సముద్రపుటొడ్డున నున్న ఐస్‌హౌసునకు పోయితిమి. అమెరికానుండి ఓడలలో వచ్చు మంచుగడ్డలను దాచుటకై 1842లో దానిని కట్టిరి. 1897లో వివేకానందస్వామి అందు బసచేసెను గావున నేడు ఆయన పేరిటనే పిలువబడుచున్నది. అయితే మాకు ఆ గోడలను చూచినపుడు మనస్సున మెదలినది సిస్టర్ సుబ్బలక్ష్మి. బాల్యముననే వైధవ్యము పొందిన ఆమె 1911లో బి.ఏ. పూర్తిచేసి, తనవంటి బాలవితంతువులను చేరదీసి, ఈ యింటనే ఉంచి చదివించెను. ఇంట నొకమూల కూర్చుండవలసిన బాలికలు ఇచ్చట సముద్రము నెదుట పెట్టుకొని పాఠములు చదువుకొనిరి. ఇంటి చరిత్రలో మంచుగడ్డకు దొరకిన పేరు వారికి దొరకలేదు.

ఇక భోజనము మాట. తిరువల్లిక్కేణిలో 1948నుండి నడచుచున్న రత్నా కేఫున ఇడ్డెనలకు ప్రసిద్ధి. సర్వరు సాంబారు తెచ్చి ఇడ్డెనలు మునుగునట్లు పోయును. కావలెననిన మఱల పోయును. రుచి బాగుగనే యున్నది. చింతపండు మన పాలుకంటె తక్కువ. కాని మేము చెప్పదలచినది రుచిని గూర్చికాదు. సర్వరు వచ్చి, మావారిని గాక ముందుగా మమ్మే “ఎన్న వేణుం అమ్మా” యని యడిగెను. ఏమి కావలెనని అందఱను ప్రతిదినము అడుగుట మన పని. మనల నడుగువా రెవ్వరు? వెంటనే బదులు చెప్పలేక ఆ పట్టికవైపే చూచుచుంటిమి. మావారుగూడ తొందరపెట్టక ఊరకుండిరి. పిమ్మట ఇరువురము ఒకేసారి, ఎదురెదురుగా, పొగలు గ్రక్కుచున్నవానిని తింటిమి. ఇంట మన వంతు వచ్చునప్పటికి అన్నము చల్లారును, కూర అడుగంటును. దానిని త్యాగమని పెద్దపేరు పెట్టుకొందుము. వేడియన్నము తినిన స్త్రీకి త్యాగము తఱుగునని ఏ శాస్త్రమును చెప్పలేదు.

ఆదివారము మైలాపూరు కపాలీశ్వరుని దర్శించి, కోనేటిచుట్టు నడచి, దవరాలో కాఫీ త్రాగి, మధ్యాహ్నపు రైలెక్కితిమి. ఇకపై ఆదివారములందు ముందుగా మాకు వడ్డించి పిమ్మట తాము తినెదమని మావారు గూడూరు దాటకముందే మాటయిచ్చిరి. నాటినుండి మూడు ఆదివారములు గడచినవి. రెంటియందు వడ్డించిరి. మూడవనాడు పరీక్షాపత్రములు దిద్దవలసివచ్చెనట.