ఫిల్ము కడగడం: ఒక ఫార్మాటు కథ

"డిజిటల్ కాలంలో ఫిల్మేమిటండీ, అదీ సినిమా ఫిల్ము, అదీ ఫొటో కెమెరాలో!" అని ఆశ్చర్యపోయే మిత్రులు నాకు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది నాలాగే సాఫ్ట్‌వేరు వాళ్లు. అందుకని మనకు తెలిసిన భాషలోనే జవాబు చెప్తాను. నా దృష్టిలో ఇది పాతకాలపు వ్యామోహం కాదు, ఫార్మాట్ల గొడవ. ఇవాళ మనం దాచుకున్న బొమ్మ ముప్పయ్యేళ్ల తర్వాత ఏ కంపెనీ దయా లేకుండా తెరుచుకుంటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

35 మిల్లీమీటర్ల ఫొటో కెమెరా పుట్టిందే సినిమా రీలు వల్ల. జర్మనీలోని వెట్జ్‌లార్‌లో లైట్జ్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బర్నాక్ 1913–14 ప్రాంతంలో సినిమా రీలు పట్టే చిన్న కెమెరా ఒకటి తయారుచేశాడు. సినిమా ఫ్రేము కొలత 18×24 మిల్లీమీటర్లు. ఆయన దాన్ని రెట్టింపు చేసి 24×36 చేశాడు. 1925లో అదే లైకాగా బజారులోకి వచ్చింది. ఇవాళ డిజిటల్ కెమెరాల్లో "ఫుల్ ఫ్రేమ్" అని గొప్పగా చెప్పుకునే కొలత కూడా ఇదే. కాబట్టి ఫొటో కెమెరాలో సినిమా ఫిల్ము వెయ్యడం వింతేమీ కాదు, పుట్టింటి సంబంధమే.

సంబంధం పాతదే గాని, కడిగే పద్ధతి మాత్రం వేరు. మామూలు రంగుల నెగెటివును సీ-41 అనే పద్ధతిలో కడుగుతారు. 37.8 డిగ్రీల సెల్సియస్ వేడిలో 3 నిమిషాల 15 సెకన్లు డెవలపర్లో ఉంచాలి. అందులోని ముఖ్య రసాయనం సీడీ-4. కొడాక్ విజన్3 లాంటి సినిమా నెగెటివుకు ఈసీఎన్-2 పద్ధతి ఉంది. దీనికి 41.1 డిగ్రీలు, 3 నిమిషాలు, రసాయనం సీడీ-3. దీనికి తోడు సినిమా ఫిల్ముకు వెనకవైపు రెమ్‌జెట్ అనే కార్బన్ మసిపూత ఉంటూ వచ్చింది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పరుగెత్తే ఫిల్ము మీద గీతలు పడకుండా, స్టాటిక్ కరెంటు మెరుపులు రాకుండా, ఫిల్మును దాటిన వెలుగు వెనక్కి తిరిగొచ్చి దీపాల చుట్టూ చిమ్మకుండా కాపాడటం దాని పని.

ఇలాంటి రోలును ఏమీ చెప్పకుండా మామూలు ల్యాబులో ఇచ్చి రావడం తప్పని నా ఖచ్చితమైన అభిప్రాయం. ఆ మసి ఊడి వాళ్ల ట్యాంకుల్లో కలుస్తుంది, తర్వాత వచ్చే ఫిల్ములకు అంటుకుంటుంది. ఆ తర్వాతి రోలు ఎవరి పెళ్లిదో, ఎవరింటి బారసాలదో! పదిమందీ వాడుకునే సర్వరు మీద మన ప్రయోగాలు చెయ్యకూడదని మనకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు కదా.

ఈ ఇబ్బంది తప్పించడానికే 2012లో మొదలైన సినీస్టిల్ కంపెనీ మసిపూతను ముందే తీసేసి రోల్సు అమ్మింది. వాటిని సీ-41 ల్యాబులో ధైర్యంగా ఇవ్వవచ్చు. కాని పూత లేకపోవడంతో రాత్రి తీసిన ఫొటోల్లో దీపాల చుట్టూ ఎర్రని కాంతి వలయాలు వస్తాయి. కుర్రకారుకు అదే నచ్చింది, అది వేరే సంగతి. 2025లో కొడాక్ సంస్థే మసిపూతకు బదులు, వెలుగును పీల్చుకునే పొరను ఫిల్ము లోపలే పెట్టి విజన్3 ఫిల్ములు తేవడం మొదలుపెట్టింది. దాంతో ఇక గొడవంతా తీరినట్టేనని కొందరంటున్నారు. నేనొప్పుకోను. తీరింది మసి బెడద మాత్రమే. రసాయనం తేడా అలాగే ఉంది.

ఆ తేడా ఎందుకొచ్చిందో చూడండి. సినిమా నెగెటివు నేరుగా చూడటానికి తయారుచేసింది కాదు. దాన్నుంచి ఇంకో ఫిల్ము మీద ప్రింటు తియ్యాలి. ఆ ప్రింటు ఫిల్ముకు కాంట్రాస్టు ఎక్కువ కాబట్టి, నెగెటివుకు కావాలనే తక్కువ పెట్టారు. చీకట్లోనూ వెలుగులోనూ వీలైనన్ని వివరాలు దాచుకోవడమే దాని పని. డిజిటల్ రాకముందు మన సినిమా పోస్టర్ల మీద "ఈస్ట్‌మన్ కలర్" అని మురిపెంగా వేసుకున్నది ఈ కుటుంబం ఫిల్ము గురించే. దీన్ని సీ-41లో కడిగితే బొమ్మ వస్తుంది. కాని కాంట్రాస్టు పెరిగిపోతుంది, నీడలు ఒక రంగుకూ వెలుగులు ఇంకో రంగుకూ జారిపోతాయి. ఆ రంగులు ఎన్నాళ్లు నిలుస్తాయన్న పూచీ కూడా లేదు. సరదాకైతే సరే. పిల్లల పుట్టినరోజు ఫొటోలకైతే నేను ఆ పని చెయ్యను.

మన వృత్తివాళ్లకు నచ్చే సంగతి ఇక్కడే ఉంది. ఈసీఎన్-2లో ఏ రసాయనం ఎన్ని గ్రాములో, ఏ తొట్టిలో ఎంతసేపు ఉంచాలో కొడాక్ తన మాన్యువల్లో అచ్చువేసి పెట్టింది. ఒక రకంగా ఇది ఓపెన్ స్పెసిఫికేషన్. సీడీ-3 కొనుక్కుని, చేతికి గ్లవ్స్ తొడుక్కుని, వంటకు వాడని గిన్నెలు పెట్టుకుంటే ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. మసిపూత ఉన్న ఫిల్మైతే ముందుగా వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో ట్యాంకు బాగా ఊపి పారబోస్తే కాటుకలాంటి నీళ్లు వస్తాయి. మిగిలిన మసిని చివర్లో తడి స్పాంజితో మెల్లగా తుడవాలి. ఇవన్నీ చేస్తూ వచ్చినవాడిగా చెప్తున్నాను, ఓపిక కావాలి గాని బ్రహ్మవిద్యేం కాదు.

అసలు కష్టం స్కానింగు దగ్గర. నెగెటివును తిరగెయ్యడమంటే 255లోంచి తీసివెయ్యడమని మనవాళ్లు అనుకుంటారు. ఫిల్ము కొలిచేది సాంద్రతను, సాంద్రత లాగరిథమ్ లెక్క. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలోనూ వేరువేరుగా ఖాళీ ఫిల్ము సాంద్రతను తీసివేసి, ఆ తర్వాత కాంట్రాస్టు సరిచెయ్యాలి. స్కానర్ సాఫ్ట్‌వేరు సాధారణంగా సీ-41ని ఊహించుకుని పనిచేస్తుంది కాబట్టి, సినిమా నెగెటివు చప్పగా కనిపిస్తుంది. లోపం ఫిల్ముది కాదు, ఊహది. కొడాక్ వాళ్లు 1990ల మొదట్లో తెచ్చిన సినియాన్ ఫార్మాటు ఈ విషయాన్ని చక్కగా పట్టుకుంది. పది బిట్లు, 1024 మెట్లు, ఒక్కో మెట్టు 0.002 సాంద్రత. అది బొమ్మను కాదు, నెగెటివును దాచింది. మనమూ అదే చెయ్యాలి. ఒక ఖాళీ ఫిల్ము ముక్కతో సహా, ఏ ఆటో కరెక్షనూ లేకుండా 16 బిట్ల టిఫ్‌గా దాచుకుని, అందులోంచి ఎన్ని జేపెగ్‌లైనా చేసుకోవచ్చు.

దీనికి వ్యతిరేకంగా నడిచిన కథ ఒకటి మన అమెరికా తెలుగువాళ్లకు దగ్గరలోనే ఉంది. సియాటిల్ ఫిల్మ్‌వర్క్స్ అనే కంపెనీ 1980లలో, 90లలో సినిమా నెగెటివును చిన్న రోల్సుగా చుట్టి పోస్టులో చవగ్గా పంపేది. ఒకే రోలు నుంచి ప్రింట్లూ స్లైడ్లూ రెండూ వస్తాయని ఆకర్షణ. కాని వీధి చివర ల్యాబు దాన్ని కడగలేదు, తిరిగి వాళ్లకే పంపాలి. తర్వాత ఫ్లాపీల మీద ఫొటోలు ఇచ్చారు, అవీ తమ సొంత ఫార్మాటులోనే. లోపల ఉన్నది దాదాపు జేపెగ్గే, కొద్దిగా మార్చి తమ సాఫ్ట్‌వేరుకే తెరుచుకునేట్టు చేశారు. తర్వాత ఆ కంపెనీ పేరు మారింది, ఆ సాఫ్ట్‌వేరు కాలం చెల్లింది. పాత ఫైళ్లు తెరవాలంటే ఎవరో పుణ్యాత్ములు రాసిన కన్వర్టర్లే దిక్కు. ఆ రోల్సు నెగెటివులు మాత్రం కిటికీ వెలుగులో పెట్టి చూస్తే ఇప్పటికీ బొమ్మ చూపిస్తాయి.

మీ గరాజులో అట్టపెట్టెల్లో 90ల నాటి నెగెటివులు ఉంటే ప్రింట్లు ఉన్నాయి కదా అని పారెయ్యకండి. కడగని రోలు దొరికితే దాని మీద సీ-41 అని ఉందో, ఈసీఎన్-2 అనో ఎస్‌ఎఫ్‌డబ్ల్యూ-ఎక్స్‌ఎల్ అనో ఉందో చదివాకే ల్యాబుకు పంపండి. రంగులు చెడిపోయేంత పాతదైతే నలుపు తెలుపులో కడిగించడం మేలు. ఆ రోల్లో అమ్మానాన్నలు మొదటిసారి మీ దగ్గరికొచ్చినప్పటి బొమ్మ ఉండవచ్చు. నలుపు తెలుపులోనైనా సరే, వాళ్ల మొహాలు దక్కితే చాలదా?